పెళ్లి ఫోటోగ్రాఫర్ బ్యాగు ఎంత బరువుండాలి? నేను తప్పు చెప్పిన లెక్క

పోయిన మాఘమాసంలో రెండు రోజులు లీవు పెట్టి బెంగళూరు నుంచి అనంతపురం వచ్చాను. లీవు దేనికో ఆఫీసులో చెప్పలేదు. మా బావ పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. ఆయన దగ్గర పనిచేసే పిల్లోడికి జ్వరమొచ్చిందని, "రెండు దినాలు బ్యాగు పట్టుకునేకి వస్తావా అప్పా" అని ఫోన్ చేశాడు. కెమెరాల పిచ్చోణ్ణి, ఖాళీ దొరికితే లెన్స్ రివ్యూలు రాసేవాణ్ణి. నన్ను అడగడమే ఆలస్యం.

కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో పెళ్లి. మా సీమలో చాలా పెళ్లిళ్ల లాగే రాత్రి రిసెప్షన్, తెల్లారుజామున ముహూర్తం. సాయంత్రం ఆరింటికి భుజానికి ఎత్తుకున్న బ్యాగు మరుసటి రోజు పొద్దున పదింటికి దించాను. మధ్యలో భోజనానికి కూర్చున్నప్పుడు కూడా దాన్ని కాళ్ల మధ్యే పెట్టుకున్నాను. పెళ్లింట్లో కెమెరా బ్యాగు పక్కన పెట్టి రెండు నిమిషాలు తల తిప్పితే, దాని మీద ఎవరో ఒకరు కూర్చుంటారు. నిజంగానే కూర్చుంటారు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో శెనక్కాయలు తూచే కాటా కనపడితే బండి ఆపి బ్యాగును దాని మీద పెట్టాం. 11 కిలోల 400 గ్రాములు. ట్రైపాడ్, లైట్ స్టాండు ఇందులో లేవు, అవి బండికి కట్టి ఉన్నాయి.

లోపల ఏముందంటే, రెండు డీఎస్ఎల్ఆర్ బాడీలు, ఐదు లెన్సులు, మూడు ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు, చిన్న ఎల్ఈడీ లైటు, లెక్కలేనన్ని బ్యాటరీలు, చార్జర్లు, ఒక పాత తుండుగుడ్డ. ఏ కంపెనీవో చెప్పను. చెప్తే అసలు విషయం వదిలేసి కంపెనీల కొట్లాట మొదలవుతుంది. అయినా ఆ తరం కెమెరాల్లో ఏ కంపెనీ అయినా బరువులు కాస్త అటూ ఇటూగా ఒకటే. మచ్చుకి కెనాన్ లెక్కే చూడండి. 5డి మార్క్ 4 బాడీ బ్యాటరీతో కలిపి 890 గ్రాములు. 24-70 ఎఫ్/2.8 రెండో వెర్షన్ 805, 70-200 ఎఫ్/2.8 రెండో వెర్షన్ 1490, 16-35 ఎఫ్/2.8 మూడో వెర్షన్ 790, 100 మ్యాక్రో ఎల్ లెన్స్ 625. రెండు బాడీలు వేసుకుని ఇవన్నీ కూడితే ఐదున్నర కిలోలు. ఇంకా ఒక్క ఫ్లాష్ కూడా పెట్టలేదు, బ్యాగు సొంత బరువు వేయలేదు.

16-35, 24-70, 70-200. యూట్యూబ్‌లో హోలీ ట్రినిటీ అని మనం ముద్దుగా పిలుచుకునే మూడు జూమ్‌లు. బావ చేత ఆ మూడూ కొనిపించింది నేనే. బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నప్పుడు రాత్రంతా రివ్యూలు చూసి, పొద్దున లేచి ఆయనకు లింకులు పంపేవాణ్ణి. "ప్రొఫెషనల్స్ అందరి దగ్గరా ఇవి ఉంటాయి బావా" అని. ఆయన ఒక్కో లెన్సూ ఈఎంఐ మీద తీసుకున్నాడు. నేను చదువు అయిపోయి ఉద్యోగంలో చేరి రెండు ఇంక్రిమెంట్లు తీసుకున్నాక కూడా ఆ ఈఎంఐ నడుస్తూనే ఉంది.

సరే, కాటా దగ్గర నాకు కొంచెం సిగ్గేసింది. భుజం నొప్పి వల్ల కూడా కావచ్చు. ఇంజనీర్ బుర్ర కదా, సమస్య కనపడగానే స్క్రిప్టు రాయాలనిపిస్తుంది. మీరు తీసే ప్రతి ఫోటో ఫైల్లో ఎక్సిఫ్ అనే డేటా దాక్కుని ఉంటుంది. ఏ బాడీ, ఏ లెన్స్, ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర, ఎంత ఐఎస్ఓ, ఏ టైముకి తీశారో అన్నీ అందులో రాసి ఉంటాయి. బావ హార్డ్ డిస్కులో మూడేళ్ల పెళ్లిళ్లు ఉన్నాయి. ఒక ఆదివారం కూర్చుని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసి అన్నిటినీ చదివించాను.

గ్రాఫ్ చూస్తే నవ్వొచ్చింది. ఫోటోల్లో ముప్పావు వంతు పైగా 24-70 ఒక్కదానితోనే తీసినవి. దాని తర్వాత 70-200. 16-35 బయటికి వచ్చేది మండపం మొత్తం ఒకసారి, గ్రూప్ ఫోటో ఒకసారి. మ్యాక్రోతో ప్రతి పెళ్లికీ ఉంగరాలు, గోరింటాకు, అంతే, ఆ తర్వాత అది తెల్లారేదాకా నిద్రపోతుంది. ఇక రెండో బాడీ పరిస్థితి మరీ ఘోరం. కొన్ని పెళ్లిళ్లలో దానితో ఒక్క ఫోటో కూడా లేదు.

ల్యాప్‌టాప్ బావ ముందు పెట్టి లెక్చర్ ఇచ్చాను. మ్యాక్రో అమ్మెయ్. 16-35 ఇంట్లో పెట్టు. మూడో ఫ్లాష్ దండగ. రెండో బాడీ ఏంటికి మోస్తావు, దాని మీద దుమ్ము తప్ప క్లిక్కులు లేవు కదా?

మొదటి మూడిటికీ ఆయన తలూపాడు. నాలుగోదానికి మాత్రం, "ఉండనీలే అప్పా, అదేమన్నా అన్నం అడుగుతాదా" అన్నాడు. కానీ ఆయనకి అప్పటికే నడుము నొప్పి. పదిహేనేళ్లుగా టూవీలర్ మీద బ్యాగు వీపున వేసుకుని తిరిగితే రాకేం చేస్తుంది? నా గ్రాఫ్ చూడటానికి అందంగా కూడా ఉంది. ఒప్పుకున్నాడు. ఆ నెలలోనే రెండో బాడీని ఇంకో స్టూడియో ఆయనకి రోజు అద్దెకి ఇవ్వడం మొదలుపెట్టాడు. "నీ లెక్కలో అది ఖాళీగా కూర్చునే వస్తువే కదా" అన్నాడు నవ్వుతూ.

ఆ తర్వాత వైశాఖంలో ఉరవకొండ దగ్గర ఒక పెళ్లి. నేను బెంగళూరులో ఉన్నాను. పొద్దున ఏడింటికి బావ ఫోన్. మామూలుగా పెళ్లి అయిన పొద్దున ఆయన ఫోన్ చేయడు, పడుకుంటాడు.

జరిగింది ఇది. రిసెప్షన్ బాగా అయింది. జీలకర్ర బెల్లం దాకా కూడా బాగానే ఉంది. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాడు. బావ రెండు ఫ్రేములు తీశాడు. మూడోసారి నొక్కితే కెమెరా స్క్రీన్ మీద ఎర్రర్ మెసేజ్. ఆఫ్ చేసి ఆన్ చేశాడు. బ్యాటరీ తీసి పెట్టాడు. లెన్స్ తీసి పెట్టాడు. ఈలోగా మేళం గట్టిగా అందుకుంది, అక్షింతలు వానలా పడ్డాయి. జేబులోంచి ఫోన్ తీసేసరికి రెండో ముడి పడుతోంది.

తర్వాత తెలిసింది, షట్టర్ పోయింది. ఇందులో వింత ఏమీ లేదు. ఇలాంటి కెమెరాల షట్టర్లను కంపెనీలు లక్షన్నర, రెండు లక్షల క్లిక్కుల దాకా పరీక్షించామని చెప్తాయి. పెళ్లికి నాలుగు వేల ఫోటోలు తీసేవాడికి రెండు లక్షలంటే 50 పెళ్లిళ్లు. బావ అది ఎప్పుడో దాటేశాడు. కెమెరాని ఏమీ అనడానికి లేదు, అది చేయాల్సిన దానికంటే ఎక్కువే చేసింది. రెండో బాడీ ఆ రాత్రి గుంతకల్లులో ఎవరిదో బర్త్‌డే తీస్తోంది.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. ఫోన్ ఉంది కదా, ఈ కాలం ఫోన్ కెమెరాలు అదిరిపోతున్నాయి కదా? ఆ మూడు ఫోన్ ఫోటోలు నేను జూమ్ చేసి మరీ చూశాను. పెళ్లికొడుకు వెనక ఎల్ఈడీ వాల్ వెలుగుతోంది. ముందు నుంచి వీడియో ఆయన లైటు. ఇలాంటి చోట ఫోన్ ఏం చేస్తుంది? వెంటవెంటనే చాలా ఫ్రేములు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, వెలుగునీ నీడనీ సర్దుతుంది. కదలని సీన్ అయితే అద్భుతం. గాల్లో అక్షింతలు, ముడి వేసే వేళ్లు, పక్కనుంచి తోసుకొచ్చే చుట్టాలు, ఇవన్నీ కదులుతుంటే పేర్చడంలో తేడా వస్తుంది. పెళ్లికొడుకు చేతికి ఆరేడు వేళ్లు ఉన్నట్టు వచ్చింది. అక్షింతలు తెల్లటి గీతలయ్యాయి. చెమట చేత్తో జేబులోంచి తీసిన ఫోన్ కాబట్టి లెన్స్ మీద జిడ్డు కూడా ఉంది, ఎల్ఈడీ వాల్ చుట్టూ పొగలాగా వచ్చింది.

వీడియో నుంచి ఫ్రేము తీయొచ్చు కదా అని నేనే అన్నాను. ఆ వీడియో ఫుల్ హెచ్‌డీ. ఒక ఫ్రేములో దాదాపు 20 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. మన దగ్గర పెళ్లి ఆల్బమ్ తెరిస్తే రెండు పేజీలూ కలిపి 12 బై 36 అంగుళాలు. 300 డీపీఐ దగ్గర ఒక్క పేజీకి, అంటే 12 బై 18కి, 1 కోటి 94 లక్షల పిక్సెళ్లు కావాలి. మన ఫ్రేము అందులో పదో వంతు. వీడియో 4కె అయినా 83 లక్షలే. ఏఐ అప్‌స్కేల్ యాప్‌లో కూడా వేసి చూశాను. పెళ్లికూతురి మొహం నున్నగా, అందంగా వచ్చింది. కానీ ఆ మొహం ఆ పిల్లది కాదు.

ఫోటోలు ఎంచుకోవడానికి వాళ్లు స్టూడియోకి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పెళ్లికూతురి అవ్వ కూడా వచ్చింది. మానిటర్ మీద ఫోటోలు ఒక్కొక్కటీ పోతున్నాయి. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు వచ్చాయి. ఆమె బావ వైపు తిరిగి, "నడుమ తాళి కట్టేది యాడుండాది నాయనా?" అంది. బావ ఏమీ మాట్లాడలేదు. తర్వాత విషయం చెప్పాడు. వాళ్లు కొట్లాడలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. పెళ్లికూతురి నాయన కాసేపు నేల చూసి, "ముందే రెండో కెమెరా తెచ్చుకోవాల గదప్పా" అన్నాడు. బావ బిల్లులో సగం వదులుకున్నాడు. నా గ్రాఫ్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా మళ్లీ గుర్తు చేయలేదు.

ఇక్కడ నా తప్పు ఏంటో స్పష్టంగా చెప్పాలి. ఎందుకంటే మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లందరం ఇదే తప్పు చేస్తాం. ఆఫీసులో నేను చూసే సిస్టమ్‌లో డేటాబేస్‌కి ఒక రెప్లికా ఉంటుంది. ఏడాది పొడవునా దాని వాడకం చూస్తే దాదాపు సున్నా. ఖర్చు తగ్గించడానికి దాన్ని తీసేద్దాం అని ఎవడైనా మీటింగులో అంటే ముందు నవ్వేది నేనే. ఖాళీగా ఉండటమే దాని ఉద్యోగం. అదే నేను, బావ రెండో బాడీ వాడకం సున్నా అని చూపించి ఇంట్లో పెట్టించాను. ఎన్నిసార్లు వాడావు అని అడిగాను. అది లేకపోతే ఏం పోతుంది అని అడగలేదు.

పనిచేసే ఫోటోగ్రాఫర్‌కి, హాబీగా తీసేవాడికి తేడా ఇక్కడే ఉంది. నేను లేపాక్షి వెళ్లి నంది ఫోటో తీస్తున్నప్పుడు కెమెరా ఆగిపోయిందనుకోండి, వచ్చే నెల మళ్లీ వెళ్తాను. నంది ఎక్కడికీ పోదు. అందుకే నాకు రకరకాల లెన్సులు కావాలి, కొత్త కోణం కొత్త ఆట. బావకి కావాల్సింది రకాలు కాదు, జతలు. రెండు బాడీలు, రెండు ఫ్లాష్‌లు, ఒకే ఫోటో రెండు కార్డుల మీద. లెన్సులు మూడు చాలు, ఒకటి పోతే ఇంకోదానితో బండి లాగగలిగేలా ఉంటే చాలు. మనం రివ్యూల్లో చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. లెన్సుల గురించి పది వీడియోలు చేస్తాం, కార్డ్ స్లాట్ గురించి స్పెక్స్ టేబుల్లో ఒక లైను.

2018లో నికాన్ జెడ్6, కెనాన్ ఈఓఎస్ ఆర్ వచ్చినప్పుడు గుర్తుందా? రెండిటికీ ఒకటే కార్డ్ స్లాట్. పెళ్లి ఫోటోగ్రాఫర్లు గోల గోల చేశారు. అదే ఏడాది వచ్చిన సోనీ ఏ7 మార్క్ 3కి రెండు స్లాట్లు ఉన్నాయి. నేను అప్పట్లో ఆ గోల చూసి, "మెమరీ కార్డులు పోవడం ఎప్పుడన్నా చూశామా, డ్రామా కాకపోతే" అనుకున్నాను. రెండేళ్లకే, 2020లో, జెడ్6 రెండో వెర్షన్‌లోనూ కెనాన్ ఆర్6లోనూ రెండేసి స్లాట్లు వచ్చాయి. డ్రామా చేసింది వాళ్లు కాదు, అర్థం కానిది నాకు.

రెండు బాడీలు ఉండాలనడానికి మా ఊరి కారణం ఇంకొకటి ఉంది. దుమ్ము. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. నైరుతి రుతుపవనాలు కేరళలో వానగా వస్తే మాకు ఎక్కువగా గాలిగా వస్తాయి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్, జూలై నెలల్లో ఎండిన చేను పక్కన నిలబడి లెన్స్ మార్చి చూడండి, సెన్సర్ మీద పొలం మొత్తం దిగుతుంది. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు వైపు అయితే దుమ్ము కూడా కాదు, ఇసుకే. చేలను ఇసుక కప్పేస్తున్న సంగతి పి. సాయినాథ్ 2019లో పారి వెబ్‌సైట్‌లో రాశారు, వెతికి చదవండి. ఈమధ్య కొత్త జంటలు అక్కడికి ఎడారి బ్యాక్‌గ్రౌండ్ కోసం ప్రీ వెడ్డింగ్ షూట్ అడుగుతున్నారట. రైతుకి పోయిన చేను, మనకి రీల్. దాని మీద ఇంకో వ్యాసం రాయాలి, ఇక్కడ వదిలేస్తున్నా.

కాబట్టి మా దగ్గర లెన్స్ మార్చడమే ఒక రిస్కు. ఒక బాడీకి 24-70, ఇంకో బాడీకి 70-200 తగిలించి, రెండూ చెరో భుజాన వేసుకుంటే పెళ్లి అయ్యేదాకా లెన్స్ విప్పే పని లేదు. అప్పుడు రెండో బాడీ స్పేర్ కూడా కాదు, పనిచేస్తూనే ఉంటుంది. నిజానికి బావ అలా చేయకుండా ఒకే బాడీ మీద లెన్సులు మారుస్తూ ఉండటం వల్లే నా గ్రాఫ్‌లో రెండో బాడీ సున్నా కనపడింది. డేటా కరెక్టే, నేను చదివిన తీరు తప్పు.

ఇక ఎండ. ఫోన్‌తోనే పెళ్లి మొత్తం తీసేయొచ్చు అనే వాళ్లకి ఒక మాట. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ కంపెనీయే చెప్తుంది. 5డి మార్క్ 4, ఏ7 మార్క్ 3 లాంటి కెమెరాల మాన్యువల్‌లో 40 డిగ్రీల దాకా అని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాకు 40 దాటడం వార్త కూడా కాదు. అంటే రెండూ కంపెనీ గీసిన గీత దాటే పనిచేస్తున్నాయి, కానీ ఫోన్ చాలా ముందే దాటేస్తుంది. ఊరేగింపులో పట్టపగలు 4కె వీడియో తీస్తే ముందు స్క్రీన్ వెలుగు తగ్గుతుంది, తర్వాత ఫ్లాష్ పనిచేయదు, ఆ తర్వాత చల్లబడేదాకా ఆగండి అని మెసేజ్. పెళ్లికొడుకు గుర్రం ఆగదు కదా. ఆ తుండుగుడ్డ ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. బావ దాన్ని తడిపి పిండి, బ్యాటరీలు ఉన్న డబ్బా చుట్టూ చుడతాడు. బ్యాగుని మాత్రం ఎప్పుడూ కారు డిక్కీలో వదలడు.

ఫోన్‌ని తీసిపారేస్తున్నానని అనుకోకండి. ఫోన్ చాలామంది భుజాల మీద బరువు నిజంగానే దించింది. మా ఊళ్లో పేపర్ కంట్రిబ్యూటర్లని చూడండి. ఒకప్పుడు వాళ్ల మెడలో ఒక కెమెరా ఉండేది, ఇప్పుడు అందరూ ఫోన్‌తోనే ఫోటో తీసి అక్కడికక్కడే డెస్క్‌కి పంపేస్తున్నారు. పేపర్లో రెండు కాలమ్‌ల ఫోటోకి అది చాలు, పైగా వార్తకి కావాల్సింది వేగం. 2017లో టైమ్ పత్రిక మహిళల మీద చేసిన ఫస్ట్స్ అనే ప్రాజెక్టులో కవర్ ఫోటోలన్నీ లూయీసా డోర్ ఐఫోన్‌తోనే తీసింది. అయితే ఆమె ముందు కూర్చున్న మనిషిని ఇంకోసారి ఇటు తిరగమని అడిగే వీలుంది. ఇదే కథకి రెండో వైపు కూడా ఉంది. 2013 మేలో అమెరికాలో షికాగో సన్-టైమ్స్ పేపర్ తన ఫోటోగ్రాఫర్లు 28 మందినీ ఒకేరోజు తీసేసి, రిపోర్టర్లకి ఐఫోన్ ఫోటోగ్రఫీ నేర్పిస్తామంది. తీసేసిన వాళ్లలో పులిట్జర్ గెలిచిన జాన్ హెచ్. వైట్ కూడా ఉన్నాడు. తక్కువ గేర్ చాలు అనే మాట ఫోటోగ్రాఫర్ నోట్లోంచి వస్తే ఒక అర్థం, ఓనర్ నోట్లోంచి వస్తే ఇంకో అర్థం.

కార్టియర్-బ్రెసాన్ పేరు తీసేవాళ్లు కూడా ఉంటారు. ఒక లైకా, ఒక 50 ఎంఎం లెన్స్, అంతే కదా ఆయన దగ్గర అని. నిజమే, మహానుభావుడు. కానీ ఫలానా క్షణం ఫోటో లేకపోతే సగం డబ్బులిస్తాం అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అటు వైపు చూస్తే మన హైదరాబాద్‌లో ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకల మీద ఫోటోలు. పెద్ద కెమెరా, పలకల పెట్టెలు, మోయడానికి మనుషులు. ఆయనకి బరువు సమస్య కాదు, మోసేది ఆయన కాదు కాబట్టి. మా బావకి మోసేది బావే. అప్పుడప్పుడు నేను.

ఇంకొక విషయం, దీన్ని రివ్యూల్లో ఎవరూ రాయరు. మా దగ్గర ఫోటోగ్రాఫర్ ఆదాయం వాన మీద ఆధారపడుతుంది. జూన్, జూలైలలో పదును దొరికి శెనక్కాయ విత్తితే, పంట ఇల్లు చేరితే, ఆ మాఘంలో పెళ్లిళ్లకి డ్రోన్, క్యాండిడ్, పెద్ద ఆల్బమ్ అన్నీ అడుగుతారు. పంట పోయిన ఏడు పెళ్లి వాయిదా పడుతుంది, లేకపోతే గుళ్లో పదిమంది మధ్య జరుగుతుంది, ఫోటోలకి చుట్టాల పిల్లోడి ఫోన్. లెన్స్ ఈఎంఐకి మాత్రం కరువు లేదు, అయిదో తారీఖు రాగానే కట్ అవుతుంది. ఎఫ్/2.8 జూమ్ ఒక్కటి కొత్తది కొంటే రెండు లక్షలు అటూ ఇటూ. ఏడాదిలో నాలుగైదు సార్లు బయటికి తీసే లెన్స్ మీద అప్పు చేయడం, రోజూ కావాల్సిన స్పేర్ బాడీ లేకుండా తిరగడం. ఈ రెండు తప్పులూ ఒకే మనిషి చేత చేయించిన ఘనత నాది.

కొత్త మిర్రర్‌లెస్ కొనుక్కుంటే బరువు తగ్గుతుంది కదా అంటారా, తగ్గుతుంది. సోనీ 70-200 ఎఫ్/2.8 జీఎం మొదటి వెర్షన్ 1480 గ్రాములు, రెండోది 1045. కెనాన్ ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/2.8 కూడా 1070 గ్రాములే. నడుము నొప్పి ఉన్నవాడికి అర కిలో అంటే మాటలు కాదు. కానీ మిర్రర్‌లెస్ బ్యాటరీ తొందరగా తింటుంది కాబట్టి స్పేర్లు పెరుగుతాయి, లెన్సులన్నీ మార్చుకోవాలి లేదా అడాప్టర్ వేయాలి. డబ్బుంటే వెళ్లండి. అర కిలో తగ్గించుకోవడానికి ఇంకో అప్పు చేయాలంటే మాత్రం నేను ఒప్పుకోను. అదే డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ బాడీ, రెండు మంచి కార్డులు, నడుముకి బెల్టు ఉన్న బ్యాగు కొనుక్కోండి. భుజం మీద పడే బరువుని బెల్టు తుంటి మీదకి దించుతుంది, దాన్ని మించిన లైట్ వెయిట్ టెక్నాలజీ ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

బావ ఇప్పుడు మ్యాక్రో అమ్మేశాడు. ఉంగరాల ఫోటోకి 24-70 దగ్గరికి పెట్టి తీసి, కాస్త క్రాప్ చేస్తే ఆల్బమ్‌లో ఎవరికీ తేడా తెలియలేదు. 16-35 కూడా వెళ్లిపోయింది. ఆ డబ్బుతో బెంగళూరులో తక్కువ క్లిక్కులు తిరిగిన ఒక సెకండ్ హ్యాండ్ బాడీ వెతికాం. నేను కూడా వెళ్లి షట్టర్ కౌంట్ చూసి, అన్ని బటన్లూ నొక్కి, పాత కెమెరా బ్యాటరీలే దీనికీ సరిపోతాయో లేదో చూసి తెచ్చాను. ఇద్దరు కవలల్లా ఒకే మోడల్ రెండు. బ్యాటరీలు ఒకటే, చార్జర్లు ఒకటే, చీకట్లో చేయి పెట్టినా బటన్ ఎక్కడుందో వేలికి తెలుసు. పాత రెండో బాడీ ఇప్పుడు పూర్తిగా అద్దెకే. పోయిన ప్రధాన బాడీకి షట్టర్ మార్పించడం గిట్టుబాటు కాలేదు, అది స్టూడియో అద్దాల అరలో కూర్చుంది. దాన్ని అక్కడ ఎందుకు పెట్టాడని నేను అడగలేదు.

మొన్న శ్రావణంలో ధర్మవరం వైపు ఒక పెళ్లికి మళ్లీ బ్యాగు పట్టుకోవడానికి వెళ్లాను. ఈసారి ఆయన పిలవలేదు, నేనే వస్తానన్నాను. బయల్దేరే ముందు స్టూడియో పక్క కిరాణా కొట్టు కాటా మీద బ్యాగు పెట్టి చూశాం. 7 కిలోల 300. రెండు బాడీలు, 24-70, 70-200, రెండు ఫ్లాష్‌లు, తుండుగుడ్డ. బావ ఒకసారి జిప్పు మూసి, మళ్లీ తెరిచి, అరలోంచి 50 ఎఫ్/1.8 తీశాడు. 160 గ్రాముల ప్లాస్టిక్ లెన్స్, మొత్తం సామాన్లలోకెల్లా చవకైనది.

"ఇది వాడేది తక్కువేలే, పోయినసారి నీ లెక్కలో కనపడనే లేదు. పెట్టుకోనా, వద్దా?" అని నా మొహం చూశాడు.

24-70 పోతే దీనితో తాళి కట్టేది తీయొచ్చు అని నేను అనబోయేలోపే ఆయన దాన్ని బ్యాగులో పెట్టేశాడు.